చుక్కల చార్టు

“డిక్కీ ఎవరు తీయమన్నారు నిన్ను?”

స్నానం చేసి వచ్చిన శశికుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తల తుడుచుకుంటున్న తువ్వాలు అతని చేతిలో అలాగే ఉండిపోయింది.

కూరగాయల సంచి కోసం జ్యోతిలక్ష్మి అతని స్కూటర్ డిక్కీ తీసింది. సంచి దొరకలేదు గానీ మూడు కట్టలు దొరికాయి. అవి ఇప్పుడు భోజనాల బల్ల మీద వరసగా ఉన్నాయి. పదో తరగతి సైన్సు స్లిప్ టెస్టు ప్రశ్నపత్రాలు, వాటికి జతగా తెల్ల కాగితాలు. ఆమె బడిలో తన చేత్తో వేసిన రబ్బరు బ్యాండ్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

“మూడు వారాలవి,” అంది. “టెస్టు పెట్టలేదా మీరు?”

“పెట్టినా.”

“ఏ కాగితాల మీద పెట్టినారు?”

అతను తువ్వాలు తీసి కుర్చీ మీద వేశాడు. “జ్యోతీ, పొద్దున్నే మొదలుపెట్టద్దు. ఈ పొద్దు ఆదివారం.”

“రేపు సోమవారం. రేపు పది గంటలకి ఎంఈవో సారు మండలంలో ఉండే హెడ్మాస్టర్లందర్నీ పిలుచుకోని మన బడికి వస్తాండాడు, ఆ చార్టు చూపించడానికి. దాని ముందర నిలబడి, టీచర్లతో ఏడాది ఆఖరిదాకా పని ఎట్ల చేయించాలో నేను చెప్పాల. ఏమని చెప్పాల?”

“ఎప్పుడూ చెప్పేదే చెప్పు. బాగానే చెప్తావు గదా.”

ఆ మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టే తగిలింది. నిజమే మరి, ఆమె బాగా చెబుతుంది. గుత్తికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఉన్నత పాఠశాలకు హెడ్మిస్ట్రెస్‌గా జూన్‌లో వచ్చింది. అంతకుముందు ఏడాది అక్కడ పదో తరగతిలో సగం మంది కూడా గట్టెక్కలేదు. వచ్చిన రోజునుంచి ఆమె చెబుతూనే ఉంది. మొగుడు అదే బడిలో సైన్సు మాస్టరు కాబట్టి, బడిలో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి, రెండుసార్లు వినే భాగ్యం అతనికే దక్కింది.

జనవరిలో పిల్లల్ని దత్తత ఇచ్చింది. దత్తతంటే, వెనకబడ్డ పిల్లలు ఐదుగురిని ఒక్కో మాస్టరుకు అప్పగించడం. తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ చేసి వాళ్లను నిద్రలేపాలి, చదివించాలి, శనివారం ఇరవై మార్కులకు టెస్టు పెట్టాలి. ఆ మార్కుల కాగితం కింద జ్యోతిలక్ష్మి సంతకం చేసి, ఫోటో తీసి పిల్లల ఇళ్లకు మెసేజ్ పెడుతుంది. ఇది చాలా బడుల్లో ఉన్నదే. చార్టు మాత్రం జ్యోతిలక్ష్మి సొంతం. సొంతమంటే, ఏదో శిక్షణలో చూపించిన వీడియోలోది. పదిహేను దాటిన ప్రతి మార్కుకూ మాస్టరు పేరు పక్కన ఒక బంగారు రంగు చుక్క అతికిస్తారు. వీడియోలో టీచర్లు చప్పట్లు కొట్టారు. ఇక్కడా కొట్టారు. హెడ్మిస్ట్రెస్ ఎదురుగా నిలబడితే ఎవరు కొట్టరు?

నిన్న శనివారం, మూడో వారం చుక్కలు అతికించాక, ఆమె ఒక శాలువా తెప్పించింది. పై వరసలో ఉన్న శశికుమార్‌కు కప్పింది. ఇంటి మనిషని వెనకాడితే అన్యాయమవుతుందని కూడా అంది, నవ్వుతూ. ఆ నవ్వుతోనే కింది వరస వైపు తిరిగింది. అక్కడ లెక్కల టీచర్ సువర్ణ పేరు ఉంది. పేరు పక్కన ఒక్క చుక్క లేదు.

“మూడు వారాలకి కలిపి ఒక్క చుక్క రాలేదు. పిల్లల ముందర నిలబడడానికి మీకు సిగ్గు కాలేదా మేడమ్?”

సాయంత్రం సువర్ణ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ఆరోగ్యం బాగాలేనందున ఏప్రిల్ ఆఖరువరకు సెలవు కోరుతున్నానని. పరీక్షలకు పదహారు రోజులుంది. ఆ బడికి ఇంకో లెక్కల టీచర్ లేదు.

ఆ మెసేజ్ చూసి ‘పని దొంగలు’ అని తను మనసులో అనుకున్న మాట ఇప్పుడు జ్యోతిలక్ష్మికి గుర్తొచ్చింది.

“మొదటివారం ఎందుకు పెట్టలేదు?” అని అడిగింది.

“అమ్మకి కన్ను ఆపరేషన్ ఆ శనివారమే గదా. నువ్వు మీటింగుకి పోయినావు. నేను ఆస్పత్రిలో ఉండా. సాయంత్రం నాలుగింటికి నీ మెసేజ్ వచ్చింది, మార్కులు పంపని వాళ్ల పేరు చార్టులో ఖాళీగా పెడతానని. హెడ్మిస్ట్రెస్ మొగుని పేరు ఖాళీగా ఉంటే నీకు బాగుంటుందా?”

“నా కోసం చేసినానంటారా?”

“నీ కోసమో, నా కోసమో. ఎవరికెంత రావచ్చో నాకు తెలియదా అని అందాజుగా వేసినా.”

“రెండో వారం?”

శశికుమార్ కుర్చీలో కూర్చున్నాడు. అతని గొంతు తగ్గింది. “మొదటివారం పదహారు ఇచ్చినోళ్లకి రెండోవారం పరీక్ష పెడితే ఆరు వస్తాది. ఆరు రాస్తే నువ్వే అడుగుతావు, ఏం జరిగిందని. ఏమని చెప్పేది? అందుకని పదిహేడు వేసినా. నిన్న పద్దెనిమిది.”

“శాలువా కప్పేటప్పుడైనా చెప్పల్సింది.”

“అందరి ముందరా?”

లోపలి గదిలోంచి అడుగుల చప్పుడు వినిపించింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ అతని తల్లి నాగలక్ష్మమ్మ వచ్చింది. ధర్మవరంలో నలభై ఏళ్లు పట్టుచీరలు నేసిన మనిషి. చేతులు ఇప్పటికీ ఊరుకోవు, ఏ గుడ్డ దొరికినా అంచు తడిమి చూస్తుంటాయి. ఆ చేతుల్లో నిన్నటి శాలువా ఉంది.

నిన్న సాయంత్రమంతా ఆమె ఫోన్ దించలేదు. “నేను అన్ని చీరలు నేస్తి, నాకు ఎవురూ ఒక తువ్వాల కప్పలేదు. నా కొడుక్కి శాలువా కప్పినారు, బడిలో, అందరి ముందర,” అని ధర్మవరంలో ఉన్న చుట్టాలందరికీ చెప్పుకుంది.

“నా కంటి కోసరమా?” అంది ఇప్పుడు.

“నీకేం సంబంధం లేదులేమ్మా. నువ్వు పోయి పడుకో.”

“సంబంధం లేకేం? ఆస్పత్రిలో నా పక్కన కూచోని ఫోన్లో ఏందో రాస్తాంటివి. నేనేమనుకుంటి? పిల్లోళ్లకి పాఠం చెప్తాండాడు, పాపం, ఈడ కూడా తీరికలేదనుకుంటి.” ఆమె శాలువాను కట్టల పక్కన పెట్టింది. “వాళ్లందరికీ మళ్లా ఫోన్ చేసి ఏమని చెప్పల్ల నేను?”

వీధిలో నీళ్ల ట్యాంకర్ వచ్చినట్టుంది, బిందెల చప్పుడు మొదలైంది. ఆ ఇంట్లో ఒక్కరూ కదల్లేదు.

“తప్పు నాదే అత్తా,” అంది జ్యోతిలక్ష్మి.

శశికుమార్ తలెత్తాడు. “నేనొక్కన్నే అనుకుంటాండావా? ఇంకా ముగ్గురి సంగతి నాకు తెలుసు. మిగతావాళ్లు కూడా చూసి రాయించినారు. నువ్వు అడిగింది మార్కులు. ఎప్పుడైనా ఒక కాగితం తెచ్చి చూపించమన్నావా? ఒక పిల్లోన్ని పిలిచి అడిగినావా?”

“అయితే ఆ చార్టులో నిజమైన మార్కులు ఎవరివి?”

అతను తటపటాయించాడు.

“చెప్పండి.”

“సువర్ణ మేడమ్‌వి.”

జ్యోతిలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. మూడు వారాలుగా ఆ గోడ ముందు రోజూ నిలబడింది. మొత్తం చార్టులో ఒక్క వరస నిజమైతే, సరిగ్గా ఆ వరస మీదే వేలు పెట్టి సిగ్గు లేదా అని అడిగింది. ఎవరిని అడగవలసిన మాట ఎవరిని అడిగింది!

ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

“యాడికి?” అన్నాడు శశికుమార్.

“సువర్ణ ఇంటికి. మీరూ రండి.”

“నేనేంటికి? నీ మాటకి నువ్వు పో. నేను ఆమెనేమీ అనలేదు.”

“లెయ్ రా,” అంది నాగలక్ష్మమ్మ. కొడుకుతో ఆమె ఆ గొంతుతో మాట్లాడి ఎన్నేళ్లయిందో. “శాలువా కప్పించుకునేదానికి మాత్రం పక్కన నిలబడితివి గదా.”

శశికుమార్ లేచాడు.

సువర్ణది కోట కింది వీధిలో పై వాటా. తలుపు తీసింది ఆమె భర్త ఓబిలేష్. గుంతకల్లు రైల్వేలో పని. నైట్ డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరినీ చూసి, దారి ఇవ్వకుండా నిలబడ్డాడు.

“ఏం మేడమ్, చుక్కలేమన్నా మిగిలినాయా? మా ఇంట్లో అతికిచ్చిపోదామని వస్తిరా?”

“సువర్ణ మేడమ్‌తో మాట్లాడాలని వచ్చినామన్నా.”

“ఏం మాట్లాడతారు? నిన్న ఇంటికొచ్చి చెప్పులిడిసినకాడే కూలబడింది. పదమూడేండ్ల సర్వీసు. ఒక మెమో లేదు. ‘సిగ్గు కాలేదా’ అనిపించుకునే పని ఏం చేసినాది?”

“ఏమీ చేయలేదన్నా.”

ఇలాంటి జవాబు అతను అనుకోలేదు. శశికుమార్ మొహం చూశాడు, మళ్లీ ఆమె మొహం చూశాడు. పక్కకు జరిగాడు.

సువర్ణ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మనిషి మామూలుగానే ఉంది. జ్యోతిలక్ష్మికి అది ఇంకా కష్టమనిపించింది. ఏడుస్తూ కనిపించి ఉంటే ఓదార్చవచ్చు. తిడితే పడవచ్చు.

“కూర్చోండి మేడమ్. కూర్చోండి సార్. కాఫీ పెడతా.”

“వద్దు మేడమ్. ముందు నేను చెప్పేది వినండి.” జ్యోతిలక్ష్మి కూర్చోలేదు. “నిన్న నేను మిమ్మల్ని అనరాని మాట అన్నాను. ఆ చార్టులో మార్కులన్నీ దొంగవి. మా ఇంట్లో వాళ్లవి కూడా. మీవి ఒక్కటే నిజమని ఈ పొద్దే తెలిసింది.”

“నాకు ముందే తెలుసు మేడమ్.”

“తెలుసా? మరి చెప్పలేదే?”

“ఎట్ల చెప్పేది? పై వరసలో ఉండేది మీ ఆయన. చెప్తే, చేతగాక చాడీలు చెప్తాండాది అంటారు.” సువర్ణ గొంతులో కోపం లేదు. “మా పుష్పావతికి మొన్న ఆరు వచ్చినాయి. మీరు ఆరు అని చూసినారు. ఆ పాపకి జనవరిలో ఒకటి వచ్చింది మేడమ్. ఎక్కాలు రావు. పదో తరగతి పాపకి ఏడో ఎక్కం కాన్నుంచి నేర్పిచ్చినా. ఒకటి నుంచి ఆరు దాకా తెచ్చేదానికి నాకెంత పట్టిందో. నాకు చుక్క వద్దు. ఒక్కసారి వచ్చి వెనక బెంచీలో కూర్చోని చూసింటే చాలు. ఆ బలం మీద ఇంకో రెండు నెలలు లాగేదాన్ని.”

జూన్ నుంచి జ్యోతిలక్ష్మి ఎన్ని ప్రసంగాలు చేసిందో లెక్కలేదు. సువర్ణ క్లాసులో కూర్చున్నది ఒక్కసారి, అదీ ఫోటో కోసం.

“రేపు రండి మేడమ్,” అంది. “రేపు అందరి ముందర, ఎంఈవో సారు ముందర ఈ మాటే చెప్తాను. పిల్లల కోసం రండి.”

“పిల్లోళ్లని నేను ఇడిసిపెట్టలేదు మేడమ్. ఈ పొద్దు కూడా ఐదింటికి అందరికీ ఫోన్ చేసినా.”

“సెలవు పెట్టి కూడా చేసినాది,” అన్నాడు ఓబిలేష్ గుమ్మం దగ్గరనుంచి. “ఐదుమందికి కాదు, ఆరుమందికి.”

“ఆరో మనిషి ఎవరు?” అని అడిగాడు శశికుమార్. వచ్చినప్పటినుంచి అతను నోరు తెరవడం అదే మొదలు.

సువర్ణ అతని వైపు చూడకుండా చెప్పింది. “హేమ.”

హేమ అతని దత్తత పిల్ల.

“నెలనుంచి లేపుతాండా సార్. మీకు ఫోన్ చేసే తీరిక లేదేమోనని అదే వచ్చి అడిగింది, మేడమ్, పుష్పావతితో పాటు నన్నూ లేపండి అని. మొన్న గురువారం నుంచి అది ఊర్లో లేదు. మీకు తెలుసా?”

“జ్వరమని చెప్పినారు పిల్లోళ్లు.”

“జ్వరం కాదు. వాళ్ల నాయనోళ్లు బళ్లారి పక్క మిరపకాయల కోతకి పోతే, దాన్ని కూడా పిలుచుకోని పోయినారు. ఆడ గుడిసెలో ఉండారు. అక్కడికే చేస్తాండా ఫోన్. లేస్తాది, చీకట్లో ఫోన్ లైటు పెట్టుకోని కాసేపు చదువుతాది, తెల్లారినాక పనికి పోతాది.”

“పరీక్షలు పెట్టుకోని కోతకి ఎట్ల పిలుచుకోని పోయినారు?” అంది జ్యోతిలక్ష్మి. తల్లిదండ్రుల మీద ఆమెకు ఎప్పుడూ వచ్చే కోపమే గొంతులోకి వచ్చింది. “వాళ్ల నాయనకి ఆ మాత్రం తెలియదా? మనం వారం వారం మెసేజ్ పెడతానే ఉండాం గదా?”

సువర్ణ ఆమెను వింతగా చూసింది. ఫోన్ తీసి నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టి శశికుమార్ ముందు టీపాయ్ మీద ఉంచింది.

“మీరే అడగండి సార్.”

నాలుగైదు రింగులు పోయాయి. గాలి హోరు, దూరంగా ఎవరివో కన్నడ మాటలు. తర్వాత చిన్న గొంతు. “మేడమ్! పొద్దున చదివినాను మేడమ్. త్రిభుజాలు అయిపోయినాయి.”

“హేమా, నేను. శశి సార్‌ని.”

“నమస్తే సార్.”

“ఏమ్మా, పరీక్షలు పెట్టుకోని ఏంటికి పోయినావు?”

“నేను పోనని ఏడ్చినాను సార్. పోయినవారం నాకు పదిహేడు వచ్చినాయని మెసేజ్ వచ్చింది గదా. మా నాయన అది నాతో చదివిచ్చుకోని, ఇరవైకి పదిహేడంటే నీకు అన్నీ వచ్చినట్టే, ఇంక బడి ఏంటికి, పరీక్ష రోజుకి తెచ్చి దింపుతాలే అని పిలుచుకొచ్చినాడు.”

శశికుమార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“నిన్న ఈడ కాయలు కోస్తాంటే మళ్లా పద్దెనిమిది వచ్చినాయని వచ్చింది సార్,” అంది హేమ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అర్థం కానితనమే ఉంది. “నేను రాయలేదు నాయనా, నేను ఈడ ఉంటే ఎట్ల వస్తాయి అంటే, సారు అబద్ధం రాస్తాడా అని నన్ను కసిరినాడు. అందరికీ చూపిచ్చినాడు సార్ ఫోను.”

ఓబిలేష్ నేల చూస్తున్నాడు. సిగ్గుతో మనిషి చచ్చిపోడు గానీ, పోతే బాగుండుననిపించే ఘడియ ఉంటుందని జ్యోతిలక్ష్మికి ఆ రోజు తెలిసింది.

“సార్, మా నాయన వచ్చినాడు, ఇస్తాండా. నన్ను పంపిచ్చమని మీరన్నా చెప్పండి సార్. మీరు చెప్తే ఇంటాడు.”

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

“నమస్కారం సారూ! నేను వెంకటేశులు. మా పాపని ఇంత పైకి తెచ్చినారు. మేమేందో సదువు లేనోళ్లం, మీలాంటోళ్లు ఉండబట్టి…”

శశికుమార్ నోరు తెరిచాడు. మాట రాలేదు. అతని కళ్లు పెళ్లాం వైపు తిరిగాయి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అతను ఆమెను ఏదీ అలా అడగలేదు.

జ్యోతిలక్ష్మి వంగి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

“వెంకటేశులూ, నేనప్పా, హెడ్మిస్ట్రెస్‌ని.”

“అమ్మా, నమస్కారమమ్మా!”

“హేమని ఈ పొద్దే పంపించు. బస్సుకి వీలుకాకపోతే మా సారే వచ్చి పిలుచుకొస్తాడు.” ఆమె ఊపిరి పీల్చుకుంది. “నీకొచ్చిన ఆ మార్కులు నిజం కాదప్పా. నీ బిడ్డ నిజమే చెప్పింది. ఆ పరీక్ష అది రాయలేదు. ఎవరూ పెట్టలేదు.”

గాలి హోరు ఒక్కటే వినిపించింది. వెంకటేశులు ఫోన్ పెట్టేశాడేమోనని జ్యోతిలక్ష్మి తెర వైపు చూసింది. పెట్టలేదు, క్షణాలు కదులుతూనే ఉన్నాయి. అవతల అతను పక్కకు నడుస్తున్నట్టుంది, మనుషుల మాటలు దూరమయ్యాయి. మళ్లీ మాట్లాడినప్పుడు అతని గొంతులో ఇందాకటి ఉత్సాహం లేదు. కోపమూ లేదు. ఏదో తనకే తెలియక పొరబడుతున్నానేమోనన్న అనుమానంతో అడిగాడు.

“నాకు చదవడం రాదమ్మా. మా పాపతోనే చదివిచ్చినా. మెసేజ్‌లో కాగితం కింద సంతకం మీదే అనింది. మీది కాదా?”